దొంగను పట్టుకుని కొట్టినందుకు మా మీదే కేసా?

ఖమ్మం_కిట్టు
మా కాలనీలో నాలుగు నెలల్లో రెండు బండ్లు పోయాయి. రెండోది మా బావమరిదిది. స్టేషన్‌కి ఆరుసార్లు తిరిగాడు. కాగితం తీసుకున్నారు, ఎఫ్‌ఐఆర్ మాత్రం కట్టలేదు. రెండు వారాల కింద శనివారం రాత్రి రెండున్నరకు కుక్కలు ఒకటే మొరుగుడు. లేచి చూస్తే ఒకడు నా బండిని హ్యాండిల్ లాక్ విరగ్గొట్టి సందు చివరిదాకా తోసుకుపోయాడు. అరిచాను. నిమిషంలో పాతికమంది బయటికొచ్చారు. వాణ్ణి పట్టుకుని కరెంటు స్తంభానికి చీర కొంగుతో కట్టేశారు. తర్వాత కొట్టారు. నేనూ ఒక చెంపదెబ్బ కొట్టాను, అబద్ధం చెప్పను. ఐదున్నరకు పోలీసులొచ్చి తీసుకెళ్ళారు.

ఇప్పుడు సంగతేమిటంటే, వాడికి పదకొండు రోజుల్లో బెయిల్ వచ్చింది. మా కాలనీవాళ్ళు ఐదుగురి మీద కేసు కట్టారు, అందులో నా పేరు కూడా ఉంది. వాడికి పక్కటెముక విరిగిందట. నా బండి స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండుతోంది. దొంగేమో ఇంట్లో, సొంతదారుడేమో స్టేషన్ మెట్ల మీద. ఇదేం న్యాయమో ఎవరైనా చెప్పండి.

మిర్చియార్డు
ఏం తప్పు చేశారని అన్నా కేసు? వదిలేస్తే ఇంకో వీధిలో పడేవాడు. మా ఊళ్ళో ఒకసారి నీళ్ళ మోటారు దొంగను పట్టి నాలుగు తగిలించాం. ఆ తర్వాత మూడేళ్ళు చుట్టుపక్కల ఒక్క మోటారు పోలేదు.

గోదారిగట్టు
పక్కటెముక విరిగేలా కొట్టడం నాలుగు తగిలించడం కాదు.

సీడెడ్_సీను
అర్ధరాత్రి ఎవడు ఎన్ని దెబ్బలు కొడుతున్నాడో లెక్కబెట్టుకుంటూ కూర్చుంటారా గోదారి గారూ? నాలుగు నెలల కోపం అది. స్టేషన్‌వాళ్ళు మొదటి బండికే కేసు కట్టి, రాత్రిపూట ఒక్క రౌండు తిరిగి ఉంటే ఇక్కడిదాకా వచ్చేదా?

వకీలమ్మ
కిట్టు గారూ, ముందు మీకు పనికొచ్చేది చెప్తాను. పట్టుకోవడం తప్పు కాదు. కళ్ళెదుట బెయిలు హక్కుగా రాని (నాన్ బెయిలబుల్) నేరం చేస్తున్నవాణ్ణి మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు. పాత సీఆర్‌పీసీలోనూ ఉంది, దాని బదులు వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 40వ సెక్షన్‌లోనూ ఉంది. కొత్తదాంట్లో ఒక గడువు కూడా పెట్టారు, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పజెప్పాలి. మీరు మూడు గంటల్లోనే అప్పజెప్పారు కాబట్టి అక్కడివరకు ఇబ్బంది లేదు.

చేతులు కట్టేశాక పడిన మొదటి దెబ్బతోనే ఇబ్బంది మొదలైంది. దొంగ మీదకొస్తే తిరగబడొచ్చు, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి జొరబడితే ఇంకా గట్టిగా తిరగబడొచ్చు, ఆత్మరక్షణ హక్కు అంత పెద్దదే. స్తంభానికి కట్టేసినవాడి దగ్గర మాత్రం ఎవరికీ ఆత్మరక్షణ ఉండదు.

ఇంకో మాట. ఆ అబ్బాయి చనిపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించారా? ఐదుగురు అంతకన్నా ఎక్కువమంది కలిసి ఒకే ఉద్దేశంతో చేసిన పనికి గుంపులో ఉన్న ప్రతివాడూ బాధ్యుడే. పాత ఐపీసీలో 149, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో (భారతీయ న్యాయ సంహిత) 190. కర్రతో కొట్టినవాడూ, ఒక్క చెంపదెబ్బ కొట్టినవాడూ ఒకే హత్య కేసులో నిలబడేవాళ్ళు.

ఖమ్మం_కిట్టు
మేడమ్, మీరు చెప్పింది చదివాక చేతులు చల్లబడ్డాయి. ఆ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు.

మిర్చియార్డు
2018 నుంచి మూకదాడికి ఉరిశిక్ష అని టీవీలో విన్నాను. దొంగను కొట్టినా అదేనా?

వకీలమ్మ
కాదు. 2018 జూలైలో సుప్రీంకోర్టు మూకదాడులకు విడిగా చట్టం చేయమని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్ఎస్‌లో 103(2) పెట్టారు. కులం, భాష, పుట్టిన ఊరు, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణంతో ఐదుగురు లేక ఎక్కువమంది కలిసి చంపితే ఉరి గానీ యావజ్జీవం గానీ పడొచ్చు. బండి దొంగతనానికి అది వర్తించదు. అయినా మామూలు హత్య సెక్షన్ ఎలాగూ ఉంది.

ఉప్పల్_ఉష
నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. దొంగకు చట్టం, గుంపుకు చట్టం, అన్నిటికీ సెక్షన్లే. 2019 నవంబరులో శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర ఆ డాక్టరమ్మను ఎత్తుకెళ్ళి అత్యాచారం చేసి చంపినప్పుడు నేను రోజూ అదే దారిలో రాత్రి డ్యూటీ నుంచి వచ్చేదాన్ని. డిసెంబర్ 6 పొద్దున చటాన్‌పల్లిలో ఆ నలుగురు నిందితులను పోలీసులు కాల్చేశారన్న వార్త వినగానే ఏడ్చేశాను, సంతోషంతో. ఇప్పటికీ సిగ్గుపడను. ఆ రోజు మా అమ్మ ఫోన్ చేసి "ఇవాళ ధైర్యంగా రామ్మా" అంది.

గోదారిగట్టు
ఉష గారూ, ఆ రోజు మా వీధిలోనూ టపాసులు కాల్చారు, పోలీసుల మీద పూలు చల్లారు. మీ బాధ అర్థమైంది. తర్వాత వచ్చిన సిర్పుర్కర్ కమిషన్ రిపోర్టు మాత్రం చదవండి. సుప్రీంకోర్టే వేసిన కమిషన్ అది. 2022 మేలో బయటపెట్టారు. పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమందిని హత్య కేసులో విచారించాలని రాసింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది.

ఉప్పల్_ఉష
మైనర్లయితే? నిర్భయ కేసులో ఆ మైనర్‌కు మూడేళ్ళు సంస్కరణ గృహం. అంతే. మిగతావాళ్ళలో నలుగురికి ఉరి పడటానికి 2012 డిసెంబర్ నుంచి 2020 మార్చి 20 దాకా పట్టింది. ఆ తల్లి ఏడేళ్ళు కోర్టు మెట్లెక్కింది. నన్ను కూడా అలా తిరగమంటారా?

గోదారిగట్టు
అనను. ఏడేళ్ళు పట్టడం అన్యాయమే. దానికి కోర్టును తొందరపెట్టాలి గానీ తుపాకీని కాదు అంటున్నాను.

ఆసిఫాబాద్_అడవి
ఆ డాక్టరమ్మ, అదే దిశ, గురించి అందరికీ తెలుసు. దానికి మూడు రోజుల ముందు, 2019 నవంబర్ 24న, మా లింగాపూర్ మండలం ఎల్లాపటార్ దగ్గర ఏం జరిగిందో ఎంతమందికి తెలుసు? ఊరూరూ తిరిగి సామాన్లు అమ్ముకునే దళిత స్త్రీ. ముగ్గురు కలిసి అత్యాచారం చేసి చంపారు. మేం ఆసిఫాబాద్‌లో ధర్నా చేస్తే పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది. సమత అని పేరు పెట్టిందీ మేం గొడవ చేశాకే. ఆమె కోసం హైదరాబాద్‌లో ఎవరూ టపాసులు కాల్చలేదు, ఎవరూ ఎన్‌కౌంటర్ అడగలేదు.

మాకు దక్కింది కోర్టు. ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు పెట్టారు. 2020 జనవరి 30న ముగ్గురికీ ఉరిశిక్ష వేశారు. ఘటన జరిగి 67 రోజులు. సాక్షులు వచ్చారు, ల్యాబ్ రిపోర్టులు వచ్చాయి, అవతలి వకీలు అడగాల్సినవన్నీ అడిగాడు. తీర్పు రోజు నేను కోర్టు బయటే ఉన్నాను. చలి. ఆమె భర్త ఎవరితోనూ మాట్లాడలేదు, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కోర్టు లోపల, ఆ మనిషి చచ్చిందని, ఎవరు చంపారో, ఎలా చంపారో జడ్జి పేర్లతో సహా చదివాడు. మా వాళ్ళ చావు గురించి ఒక ప్రభుత్వ కాగితంలో అంత వివరంగా రాయడం నేను అదే మొదటిసారి చూశాను.

చటాన్‌పల్లిలో ఆ కాగితం లేదు. ఆ డాక్టరమ్మ కేసులో ఎవరు ఏం చేశారో ఇప్పటికీ ఏ కోర్టూ రాయలేదు, రాయడానికి ఇంకెవరూ మిగల్లేదు.

ఉప్పల్_ఉష
ఇది నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఆలోచించాలి.

రిటైర్డ్_హెడ్డు
ముప్పై నాలుగేళ్ళు సర్వీసు చేశాను, ఇద్దరు ఎస్పీల దగ్గర క్రైమ్ టీములో పనిచేశాను. ఆసిఫాబాద్ తమ్ముడు అన్నది ముమ్మాటికీ నిజం. అరవై రోజుల్లో తీర్పు రావాలంటే మూడు కావాలి. మొదటి రోజు రాత్రే పంచనామా సరిగ్గా రాయాలి, ల్యాబ్ రిపోర్టు త్వరగా రావాలి, సాక్షి వాయిదాకు రావాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పినా కేసు ఏళ్ళ తరబడి సాగుతుంది. పంచులుగా, అంటే పంచనామాకు సాక్షులుగా, సంతకం పెట్టేవాళ్ళు చాలాసార్లు స్టేషన్ పక్క టీకొట్టువాళ్ళే ఉంటారు. ఐదేళ్ళ తర్వాత కోర్టులో నిలబెడితే "నాకు గుర్తులేదు సార్" అంటారు. కేసు అక్కడే పోతుంది.

కిట్టు బాబూ, నీ దొంగకు బెయిల్ ఎందుకొచ్చిందో చెప్తాను. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అవసరం లేకుండా అరెస్టు చేయొద్దని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు ఇచ్చి పంపాలి. పాత సీఆర్‌పీసీ 41ఏ, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 35(3). మొదటిసారి చేసిన మామూలు దొంగతనానికి పెద్ద శిక్షే మూడేళ్ళు. బెయిలు వచ్చిందంటే కేసు పోయినట్టు కాదు. ఇది జనానికి ఎవరూ చెప్పరు, మా వాళ్ళు కూడా చెప్పరు. చెప్పి ఉంటే సగం గొడవలు స్టేషన్ గేటు దగ్గరే చల్లారేవి.

సీడెడ్_సీను
హెడ్డు బాబాయ్, ఎన్‌కౌంటర్ గురించి కూడా మీరే చెప్పండి. లోపలివాళ్ళ మాట వేరు.

రిటైర్డ్_హెడ్డు
అడిగావు కాబట్టి చెప్తాను. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోసినవాళ్ళు ముగ్గురూ మూడు రోజుల్లో కాల్పుల్లో పోయారు. అప్పుడూ పూలదండలే. ఇద్దరమ్మాయిల్లో ఒకరు ఆ నెలాఖరుకే చనిపోయారు. అక్కడి పోలీసులను మేం హీరోల్లా చూశాం, నేనూ చూశాను. తర్వాత ఐదేళ్ళూ యాసిడ్ కిరాణా కొట్టులో సీసాల్లో అమ్ముతూనే ఉన్నారు. అమ్మకానికి లెక్కలు, గుర్తింపు కార్డు అడగాలన్న నియమం వచ్చింది 2013లో, లక్ష్మీ అగర్వాల్ అనే అమ్మాయి సుప్రీంకోర్టులో వేసిన కేసు వల్ల. యాసిడ్ దాడికి కనీసం పదేళ్ళ శిక్ష అన్న సెక్షన్ వచ్చిందీ ఆ ఏడే. తూటా వల్ల ఒక్క సీసా కూడా తగ్గలేదు. నేను చూసిందే చెప్తున్నాను.

నందిగామ_నాని
మా పక్క ఊరి కుర్రాడి సంగతి చెప్తే ఈ చర్చ వేరేగా ఉంటుంది. 2007 డిసెంబర్ 27న ఇబ్రహీంపట్నం హాస్టల్లో బీఫార్మసీ అమ్మాయిని చంపారు. రాష్ట్రమంతా అట్టుడికింది. 2008లో మా నందిగామ వైపు కుర్రాణ్ణి పట్టుకుని వీడే అన్నారు. నేరం ఒప్పుకున్నాడని చెప్పారు. 2010లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. జైల్లోనే వాడి కాళ్ళు చచ్చుబడ్డాయి, ఇద్దరు పట్టుకుంటే గానీ కోర్టు మెట్లు ఎక్కేవాడు కాదు. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు.

ఆ అమ్మాయి తల్లిదండ్రులే మొదటినుంచీ "వీడు కాదు" అన్నారు. తమ బిడ్డ పోయిన బాధలో ఉండి కూడా. 2008లో జనం ఎన్‌కౌంటర్ చేయండి అని అరిచిన మాట వినుంటే? లక్ష రూపాయలు ఏ సమాధికి ఇచ్చేవాళ్ళు?

మిర్చియార్డు
నానీ, ఈ కేసు పేపర్లో చదివాను గానీ ఇంత గుర్తులేదు. కోర్టే తప్పు చేసి కోర్టే దిద్దుకుంది. అయినా ఎనిమిదేళ్ళు పోయాయి కదా. మరి కోర్టును నమ్మమని ఎలా అంటారు?

నందిగామ_నాని
నమ్మమని అనట్లేదన్నా. కోర్టు తప్పు చేస్తే అప్పీలు ఉంటుంది. స్తంభం దగ్గర తప్పు చేస్తే ఎవరికి అప్పీలు చేస్తాం?

పాలపిట్ట
ఇన్నాళ్ళూ ఈ వేదికలో ఎప్పుడూ రాయలేదు, చదవడమే. ఈసారి రాయకుండా ఉండలేకపోయాను.

మా అన్న సవరాల వ్యాపారం చేస్తాడు. జుట్టు ఇస్తే స్టీలు గిన్నె, ప్లాస్టిక్ బకెట్ ఇస్తాడు. 2018 మేలో పిల్లలను ఎత్తుకెళ్ళే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో వీడియోలు తిరిగిన రోజులు గుర్తున్నాయి కదా. ఒక ఊళ్ళో పాలకేంద్రం దగ్గర అన్నను ఆపారు. ఏ ఊరు, ఆధార్ ఏది అన్నారు. ఆధార్ ఇంట్లో ఉంది. ఒకతను సంచి గుంజి బోర్లించాడు. సంచిలో ఏముంటుంది, జుట్టు ఉంటుంది. నల్లగా, చిక్కుబడి, కుప్పగా రోడ్డు మీద పడింది. "పిల్లల జుట్టు" అని ఒక ఆడమనిషి అరిచింది. ఆ ఒక్క మాట. తర్వాత ఏం జరిగిందో అన్న ఇప్పటికీ వరసగా చెప్పలేడు.

బడి సారు ఒకాయన సైకిల్ అడ్డంగా పడేసి అన్న మీద పడుకున్నాడు. ఆయనకూ దెబ్బలు తగిలాయి. అందుకే అన్న బతికాడు. ఎడమ చెవి వినపడదు. ఇప్పుడు కూడా వ్యాపారమే, వేరే దారి లేదు. సంచికి మాత్రం రంగులేని ప్లాస్టిక్ కవరు వేస్తాడు, లోపల ఏముందో దూరంనుంచే కనపడాలని.

కొట్టినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. పిల్లల తల్లిదండ్రులే. కేసు ఏమీ కాలేదు, మేమే పెట్టలేదు. ఆ దారిలోనే మళ్ళీ వ్యాపారానికి పోవాలి కదా.

గోదారిగట్టు
పాలపిట్ట గారూ, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ సారుకు దండం పెట్టాను అని చెప్పండి.

టెక్సాస్_తాత
ఇక్కడ రాత్రి రెండు, నిద్ర పట్టక ఇదంతా చదివాను. అదే ఏడు జూలైలో బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి కొట్టి చంపారు. కారాపి పిల్లలకు చాక్లెట్లు పంచినందుకు పిల్లలను ఎత్తుకెళ్ళేవాళ్ళని అనుమానించారు. వాట్సాప్‌వాళ్ళు మనదేశంలో ఫార్వర్డ్‌లను ఐదుకు తగ్గించింది ఆ నెలలోనే.

నేనుండే రాష్ట్రంలో రాత్రిపూట దొంగతనం ఆపడానికి, కొన్ని షరతుల మీద, కాల్చడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. దొంగతనాలు ఆగలేదు. 1976 నుంచి ఈ దేశంలో మరణశిక్షలు అందరికన్నా ఎక్కువగా అమలు చేసిందీ ఈ రాష్ట్రమే. 1973 నుంచి అమెరికా మొత్తం మీద మరణశిక్ష పడ్డాక నిర్దోషులని తేలి బయటికొచ్చినవాళ్ళు 190 మందికి పైనే. పెద్ద పెద్ద ల్యాబులు, లాయర్లు ఉన్నచోటే ఇన్ని తప్పులు జరిగాయి.

సీడెడ్_సీను
తాతా, పడుకోండి ముందు, బీపీ మాత్ర వేసుకున్నారా? 😀

టెక్సాస్_తాత
వేసుకున్నా నాయనా. మనవరాలు డబ్బాలో పెట్టి మరీ ఇచ్చింది.

కంచరపాలెం_కుమారి
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. నేను మరోవైపు చెప్తాను.

2014లో మా నాన్నను హైవే మీద లారీ గుద్దేసింది. షిఫ్టుకు వెళ్తున్నాడు. క్యారేజీ రోడ్డు పక్కన పడి ఉంది, మూత ఊడలేదు. పెరుగన్నం అలాగే ఉంది. అమ్మ దాన్ని ఇంటికి తెచ్చి రెండ్రోజులు కడగలేదు. కేసు ఏడేళ్ళు నడిచింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినదానికి అప్పటి 304ఏ కింద పెద్ద శిక్షే రెండేళ్ళు. డ్రైవర్‌కు ఒక ఏడాది, కొంచెం జరిమానా వేశారు. అదే రోజు అప్పీలుకు బెయిల్. ఏ వాయిదాకూ మాకు నోటీసు రాలేదు. తీర్పు వచ్చిందని కూడా లాయర్ గుమస్తా చెప్తే తెలిసింది.

దొంగ పేదవాడు, డ్రైవర్ పేదవాడు, నిజమే. మా నాన్న కూడా పేదవాడే. మనిషి ప్రాణానికి ఒక ఏడాదా? ఇన్సూరెన్స్ డబ్బులు వచ్చాయి, చెల్లి చదువు దాంతోనే అయింది. అది నాన్న ప్రాణానికి ధర కాదు. క్షమించమని ఎవరైనా నాకు చెప్తే చెప్పు తీస్తాను. గుంపు కొట్టడం తప్పే, ఒప్పుకుంటా. కోర్టు వేసిన శిక్ష కూడా న్యాయం కాదు, అది మీరంతా ఒప్పుకోవాలి.

వకీలమ్మ
ఒప్పుకుంటాను కుమారీ. కొత్త చట్టంలో దాన్ని ఐదేళ్ళకు పెంచారు, బీఎన్ఎస్ 106(1). గుద్ది పారిపోతే పదేళ్ళన్న భాగం మాత్రం లారీ డ్రైవర్ల సమ్మె తర్వాత పక్కన పెట్టారు. 2024 మేలో పుణెలో పోర్షే కారు నడిపి ఇద్దరిని చంపిన మైనర్‌కు మొదట 300 పదాల వ్యాసం రాయమని బెయిల్ ఇచ్చారు. మీ నాన్నను గుద్దిన డ్రైవర్‌కు కనీసం ఏడేళ్ళు వాయిదాలు తప్పలేదు. ఆ పిల్లాడి బెయిలు ఉత్తర్వు దేశమంతా రచ్చ అయ్యాకే మారింది.

దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోపు బాధితులకు చెప్పాలని ఇప్పుడు చట్టంలోనే రాశారు. మీకు ఎవరూ చెప్పలేదన్నారే, ఆ నియమం అందుకే వచ్చింది. ఎంతమంది పాటిస్తున్నారంటే, నా క్లయింట్లలో చాలామంది ఇంకా నన్నే ఫోన్ చేసి అడుగుతున్నారు.

కంచరపాలెం_కుమారి
అదే మేడమ్. శిక్ష తక్కువని సగం కోపం, ఎవరూ మాకు ఏమీ చెప్పలేదని సగం కోపం. నాన్న చనిపోయింది మాకు కాదన్నట్టు నడిచింది ఆ కేసు.

చుండూరు_చెరువు
కోర్టు అంటున్నారు కాబట్టి నేనూ ఒక మాట. 1991 ఆగస్టు 6న మా ఊళ్ళో ఎనిమిదిమంది దళితులను వెంటాడి చంపారు. ప్రత్యేక కోర్టును మా ఊళ్ళోనే పెట్టారు. తీర్పు రావడానికి పదహారేళ్ళు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇరవై మూడేళ్ళు పోరాడింది అందుకా అని మా పెద్దమ్మ అడిగింది. జవాబు లేదు.

మా వాళ్ళు కత్తులు పట్టలేదు. పట్టి ఉంటే ఊరు శ్మశానం అయ్యేది, మా వాళ్ళే ముందు పోయేవాళ్ళు. గుంపు న్యాయం ఎప్పుడూ సంఖ్య ఎక్కువున్నవాడి న్యాయమే. మాకు కోర్టు తప్ప వేరే చోటు లేదు కాబట్టే కోర్టు మీద మాకింత కోపం.

ఆసిఫాబాద్_అడవి
అన్నా, ఇంతకన్నా ఎవరూ చెప్పలేరు.

మిర్చియార్డు
నా మొదటి పోస్టు మళ్ళీ చదువుకున్నాను. మా మోటారు దొంగ పక్క ఊరి కూలీ. మాలో ఎవరి కొడుకైనా అయితే స్తంభానికి కట్టేవాళ్ళమా అంటే కట్టేవాళ్ళం కాదు, పెద్దమనుషుల్లో పెట్టి జరిమానాతో సరిపెట్టేవాళ్ళం. ఇది నిజం. కేసు పెడితే ఏళ్ళు తిప్పుతారన్నది కూడా నిజమే, ఆ మాట వెనక్కి తీసుకోను.

ఉప్పల్_ఉష
ఇంకో సంగతి. పేపర్లో "దొంగకు దేహశుద్ధి" అని రాస్తారు చూడండి, ఆ మాట నాకు మొదటిసారి ఎబ్బెట్టుగా అనిపించింది. పక్కటెముక విరిగితే ఏం శుద్ధి?

నేను చటాన్‌పల్లి గురించి రాసింది కూడా మళ్ళీ ఆలోచించాను. ఆ రాత్రి ఆ అమ్మాయి ఇంటివాళ్ళు స్టేషన్‌కి వెళ్తే మా పరిధి కాదు, మీ పరిధి అని తిప్పారు. ముగ్గురు పోలీసులను సస్పెండ్ కూడా చేశారు. నాకు నిజంగా కావాల్సింది ఆ రాత్రే కదా. పది రోజుల తర్వాత తుపాకీ కాదు, ఆ రాత్రే ఒక జీపు. ఏడ్చినందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గుపడను.

గోదారిగట్టు
ఆ ఏడుపుకు ఎవరూ సిగ్గుపడక్కర్లేదు ఉష గారూ.

ఖమ్మం_కిట్టు
మూడు రోజులుగా రాయలేదు, కారణం ఉంది. కాలనీ గ్రూపులో ఆ రాత్రి వీడియో ఉంది. అందరూ డిలీట్ చేయండి, నిద్రలో ఉన్నామని చెప్పండి అని పెద్దలు చెప్పారు. ఇంట్లో కూర్చుని ఆ వీడియో మొదటిసారి పూర్తిగా చూశాను. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. నా చెంపదెబ్బ రెండో నిమిషంలో ఉంది. అప్పటికే వాడి తల వాలిపోయింది. నాకు గుర్తున్నదేమో వాడు నన్ను గుడ్లురిమి చూస్తుంటే కొట్టినట్టు. వీడియోలో వాడు ఎవరినీ చూడట్లేదు.

మూడో నిమిషంలో నీళ్ళు అని రెండుసార్లు అంటాడు. మా పక్కింటి మామ్మ చెంబు తీసుకొచ్చి జనాన్ని తోసుకుంటూ వెళ్ళి తాగించింది. ఆమెను కూడా ఒకడు కసిరాడు. వాడికి పందొమ్మిదేళ్ళట, స్టేషన్‌లో తెలిసింది.

మేడమ్, డిలీట్ చేయొచ్చా?

వకీలమ్మ
చేయొద్దు. సాక్ష్యం మాయం చేయడం ఇంకో నేరం, చిన్నదాన్ని పెద్దది చేసుకున్నట్టు అవుతుంది. సొంత లాయర్‌ను పెట్టుకోండి, ఆయన పక్కనుండగా జరిగింది జరిగినట్టు చెప్పండి. దెబ్బ కొట్టానని చెప్పడానికి భయపడకండి, ఒక్క దెబ్బకు సెక్షన్ వేరు, పక్కటెముక విరగ్గొట్టినదానికి వేరు. ఎవరు ఏం చేశారో ఆ వీడియోలోనే ఉంది. మీకు అది రక్షణ కూడా.

రిటైర్డ్_హెడ్డు
మేడమ్ చెప్పినట్టు చెయ్యి బాబూ. ఇంకోటి, మీ బావమరిది బండికి ఎఫ్‌ఐఆర్ కట్టలేదన్నావు. అదే దరఖాస్తును రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపించు. ఆ హక్కు చట్టంలో ఉంది. స్టేషన్ కదిలేది అప్పుడే.

ఖమ్మం_కిట్టు
నిన్న వెళ్ళాను. లాయర్‌తో. చెప్పాను. ఎస్‌ఐ ఏమీ అనలేదు, రాసుకున్నాడు. బయట బెంచీ మీద ఆ అబ్బాయి తల్లి కూర్చుంది. నన్ను గుర్తుపట్టలేదు. ఇస్త్రీ చీర, చేతిలో మందుల చీటీ. "బాబూ, ఎక్స్‌రే ఎక్కడ తీస్తారు" అని నన్నే అడిగింది. దారి చూపించాను. ఎవరినో చెప్పలేకపోయాను.

కాలనీలో నాతో ఇద్దరు మాట్లాడట్లేదు. పోనీ. ఎస్పీకి ఉత్తరం పంపించాం, రసీదు దగ్గరుంది. ఇంకొక్కటి అడగాలి, నా బండి ఎలా విడిపించుకోవాలి? నా పని దాని మీదే నడుస్తుంది.

వకీలమ్మ
మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయండి, పాత 451, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 497. ఆర్సీ, ఇన్సూరెన్స్ జిరాక్స్, ఆధార్, ఒక పూచీకత్తు బాండ్ కావాలి. బండ్లు స్టేషన్లలో తుప్పు పట్టించొద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఫొటోలు, వీడియో తీసి రికార్డులో పెట్టి ఇచ్చేయొచ్చు. విరిగిన హ్యాండిల్ లాక్ మాత్రం ఫొటో తీసేదాకా మార్పించకండి.

ఖమ్మం_కిట్టు
సరే మేడమ్. సోమవారం వేస్తాను.